ధూమపానం చేసేవారి శ్వాసనాళాల సి.టి. కొలతలు

పొగాకు పొగ వలన శ్వాసనాళాల గోడలు ఎంత మందమైనవో, గాలి మార్గం ఎంత ఇరుకైనదో సి.టి. స్కాన్ చిత్రాల నుండి అంకెల రూపంలో గణించే పద్ధతిని శ్వాసనాళాల సి.టి. కొలతలు అంటారు. దీర్ఘకాలిక శ్వాస అవరోధక వ్యాధి (సి.ఓ.పి.డి.) పరిశోధనలో ఈ పద్ధతికి ముఖ్య స్థానం ఉన్నది. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్షలో ఏ లోపమూ కనబడనివారిలో కూడా ఇది మార్పులను చూపగలదు.

నేపథ్యం

మానవుని శ్వాసనాళం సుమారు 23 తరాలుగా చీలుతూ గాలి గదుల వరకు పోతుంది. 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వ్యాసం గల సూక్ష్మనాళికలే ఈ వ్యాధిలో ప్రధాన అవరోధ స్థానమని జేమ్స్ హాగ్, సహచరులు 1968లో చూపారు. అప్పట్లో ఇది మరణానంతరం తీసిన ఊపిరితిత్తులలో మాత్రమే సాధ్యమైనది. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో తొలి రోగిని 1971లో పరీక్షించారు. ఇందుకు ఆయనకు, అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. బ్రతికి ఉన్నవారి శ్వాసనాళాలను కొలిచే అవకాశం దీని ద్వారానే కలిగింది.

కొలిచే విధానం

సి.టి. చిత్రంలోని ప్రతి బిందువు సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చెబుతారు. నీటికి 0, గాలికి -1000. ఈ తేడా ఆధారంగా కంప్యూటరు నాళం లోపలి, వెలుపలి అంచులను గుర్తిస్తుంది. ముఖ్యమైన కొలతలు ఇవి:

* గోడ వైశాల్య శాతం: నాళం మొత్తం అడ్డుకోతలో గోడ ఆక్రమించిన భాగం. ఉదాహరణకు వెలుపలి వ్యాసం 8, లోపలి వ్యాసం 5 మి.మీ. అయితే ఇది సుమారు 61 శాతం. గోడ లోపలికి వాచి లోపలి వ్యాసం 4 మి.మీ.కు తగ్గితే 75 శాతం అవుతుంది. గాలి ప్రవాహం సాఫీగా సాగుతుందని భావిస్తే, నిరోధం వ్యాసార్ధపు నాల్గవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. కనుక ఈ 1 మి.మీ. మార్పుకే నిరోధం సుమారు 2.4 రెట్లవుతుంది.
* పి.ఐ.10: లోపలి చుట్టుకొలత 10 మి.మీ. ఉన్న నాళానికి అంచనా వేసిన గోడ వైశాల్యపు వర్గమూలం. వేర్వేరు వ్యక్తులను పోల్చడానికి ఉపయోగిస్తారు.
* గాలి నిలిచిపోవడం: గాలి పూర్తిగా వదిలిన తరువాత తీసిన చిత్రంలో -856 యూనిట్ల కన్నా తక్కువ ఉన్న భాగం. సూక్ష్మనాళికల అవరోధానికి ఇది పరోక్ష సూచన.

గాలి గదులు శిథిలమయ్యే ఎంఫిసీమాను, గాలి నిండుగా పీల్చినపుడు -950 యూనిట్ల కన్నా తక్కువ ఉన్న భాగంతో గణిస్తారు.

ముఖ్య పరిశోధనలు

జపాన్‌కు చెందిన నకానో, సహచరులు 2000లో ధూమపానీయుల కుడి ఊపిరితిత్తి పై తమ్మెలోని నాళాన్ని కొలిచారు. గోడ మందం, ఎంఫిసీమా రెండూ శ్వాస సామర్థ్యాన్ని విడివిడిగా తగ్గిస్తాయని తేలింది. అమెరికాలోని సి.ఓ.పి.డి.జీన్ పరిశోధనలో 10 వేల మందికి పైగా చేరారు. ఎంఫిసీమా కనబడక మునుపే చివరి సూక్ష్మనాళికలు నశిస్తాయని 2011లో మైక్రో సి.టి. అధ్యయనం తెలిపింది. స్పైరోమెట్రీ సవ్యంగా ఉన్న ధూమపానీయులలో, మానివేసినవారిలో సుమారు సగం మందికి దగ్గు, ఆయాసం వంటి లక్షణాలున్నాయని, అట్టివారిలో గోడల మందం ఎక్కువగా ఉన్నదని 2016లో మరొక అమెరికా అధ్యయనం వెల్లడించింది.

పరిమితులు

సాధారణ సి.టి.లో సూక్ష్మనాళికలు నేరుగా కనబడవు. పలుచని గోడలు ఉన్నదానికన్నా మందంగా నమోదవుతాయి. యంత్రం, శ్వాస పీల్చిన పరిమాణం మారితే కొలతా మారుతుంది. పొగ త్రాగుతున్నవారిలో వాపు వలన ఊపిరితిత్తి సాంద్రత పెరిగి ఎంఫిసీమా తక్కువగా కనబడవచ్చు. మానిన తరువాత అది పెరిగినట్లు తోచడం హాని కాదు. ఎక్స్-కిరణాల ప్రభావం దృష్ట్యా కేవలం ఈ కొలతల కొరకు అందరికీ స్కాన్ తీయరు. వ్యాధి నిర్ధారణకు నేటికీ స్పైరోమెట్రీయే ఆధారం.

తెలుగు ప్రాంతాలలో ప్రాధాన్యం

తెలుగునాట సిగరెట్టుతో పాటు బీడీ, చుట్ట వాడకం ఉన్నది. ఉత్తర కోస్తాలో ముఖ్యంగా స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని త్రాగే అడ్డపొగ అలవాటుపై పరిశోధనలు అంగిలి వ్యాధుల మీదనే ఎక్కువగా సాగాయి. పై అధ్యయనాలలో అధికభాగం సిగరెట్టు త్రాగేవారిపై జరిగినవి. కనుక ఆ అంకెలను బీడీ, చుట్టలకు యథాతథంగా అన్వయించరాదు. కట్టెల పొయ్యి పొగ కూడా గమనింపదగినదే. మెక్సికో స్త్రీలపై 2014లో వెలువడిన అధ్యయనంలో, పొగాకు బాధితులతో పోలిస్తే కట్టెల పొగ బాధితులలో ఎంఫిసీమా తక్కువగా, గాలి నిలిచిపోవడం ఎక్కువగా కనబడింది.

నశించిన నాళికలను తిరిగి కల్పించే మందు లేదు. అయితే పొగ మానినవారిలో శ్వాస సామర్థ్యం తగ్గే వేగం మందగిస్తుందని 1977లో ఫ్లెచర్, పీటో చూపారు. స్పైరోమెట్రీ ఫలితం బాగున్నదన్న కారణంతో అలవాటును కొనసాగించరాదనేది ఈ కొలతల ముఖ్య సారాంశం.

ఇవి కూడా చూడండి

* ఊపిరితిత్తులు
* ధూమపానం
* పొగాకు