తోకపై గొట్టము చేయు వ్యవకలనము

హ్యాంగరులోనికి గ్లైడరును నెట్టునప్పుడు ఎవరి భుజమో తగిలి, తోకపై నిలువురెక్క ముందంచునుండి పొడుచుకొనివచ్చిన చిటికెనవ్రేలికంటె సన్నని గొట్టము వంగిపోయినచో, చూచువారు దానిని పెద్ద నష్టముగా నెంచరు. రెక్క విరుగలేదు, చుక్కాని చెడలేదు. చేతితో వంకర తీర్చిన చాలునందురు. అట్లు తీర్చుకొని ఎగిరినవాడు మాత్రము, గాలి తన్ను పైకెత్తుచున్నదో తానే ముక్కు పైకెత్తి మోసపోవుచున్నాడో తెలియక, లేని ఊర్ధ్వవాయువు చుట్టు ప్రదక్షిణములు చేయుచు ఎత్తు పోగొట్టుకొనును.

ఈ గొట్టపు వంశవృక్షము 1732 నాటిది. విమానమింకను పుట్టని ఆ కాలమున, పారిసు నగరమున సేన్ నదీప్రవాహవేగమును కొలువదలచిన హెన్రీ పీటో, కొస వంచిన గాజుగొట్టమును ప్రవాహమునకెదురుగా ముంచి, అందు నీరు ఎంత పైకెగబ్రాకునో చూచెను. నేటికిని ప్రతి విమానమున వేగము కొలుచు గొట్టము ఆయన పేరనే చెల్లుచున్నది.

వేగము తెలిసినంతమాత్రమున యంత్రములేని విమానమునకు చాలదు; తాను లేచుచున్నదో దిగుచున్నదో కూడ తెలియవలెను. మొదటి ప్రపంచయుద్ధానంతరమున, వెర్సాయి సంధి జర్మనుల వైమానికయంత్రములకు సంకెళ్లు వేయగా, 1920 నుండి అచటి యువకులు రోన్ ప్రాంతమున సుమారు 950 మీటర్ల ఎత్తున్న వాసెర్‌కుప్పె కొండపై గ్లైడరు పందెములు జరుపసాగిరి. తొలుత కొండవాలున తగిలి పైకి లేచు గాలియే వారికాధారము. 1928లో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్, అలెగ్జాండర్ లిపిష్ సలహాపై, అంతకుమునుపు బెలూనులలో వాడుకనున్న వేరియోమీటరును వెంటగొనిపోయి, కొండను విడిచి మేఘముక్రింద లేచు గాలిని పట్టెను. ఆరోహణావరోహణముల వేగమును చూపు ఆ పరికరమును ఆయన కొంతకాలము తోడి పోటీదారులకు తెలియనీయలేదందురు. లోభమనవచ్చును గాని, పందెగాని రహస్యమును నేను తప్పుపట్టజాలను.

ఆ వేరియోమీటరు ముల్లునకొక దోషముండెను. గంటకు 150 కిలోమీటర్ల వేగమున పోవువాడు నడుపుకర్రను వెనుకకు లాగి వేగమును 100కు తగ్గించినచో, నిశ్చలవాయువునందు సైతము గ్లైడరు దాదాపు 49 మీటర్లు పైకి లేచును. అది ఆకాశమిచ్చిన కానుక కాదు, తన వేగమును తానే ఎత్తుగా మార్చుకొనుట. కుడిజేబులోని రూపాయిని ఎడమజేబున వేసికొనుట. ముల్లు మాత్రము లాభమని చూపును. పైలట్లు పరిహాసముగా 'స్టిక్ థర్మల్', అనగా కర్ర పుట్టించిన ఊర్ధ్వవాయువు, అనునది ఇదియే. ఎత్తును వేగమును కలిపి మొత్తము శక్తినే కొలువవలెనను భావమును ఆర్థర్ కాంట్రోవిట్జ్ 1940 ప్రాంతమున శాస్త్రీయముగా ప్రతిపాదించెను. లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన ఫ్రాంక్ ఇర్వింగ్ ఇందులకొక వెంచురీ యను పరికరమును రూపొందించెను. కుజగ్రహమునకు మారినర్ నౌకలను పంపిన నాసా కార్యక్రమములకు నాయకత్వము వహించినవాడును, తానే గ్లైడరు నడుపువాడునైన ఓరన్ నిక్స్, 1976లో ప్రకటించిన వృత్తాంతమున, ఒక సామాన్యమైన సన్నగొట్టముతోనే ఆ పని నెరవేర్చవచ్చునని చూపెను. గ్రహాంతరముల వ్యవహరించిన చేయి ఇంత చిన్న గొట్టముపై నిలుచుట నాకు ముచ్చటగొలుపును.

పీటో గొట్టము గాలికి ముఖమిచ్చును, తోకపైనున్న ఈ గొట్టము వీపునిచ్చును. ముందుకు వాలిన కొసకు సమీపమున, వెనుకవైపున, ఒక చిన్న రంధ్రముండును. అచ్చట, పరిసరవాయుపీడనమునుండి, వేగమువలన పుట్టు పీడనము సరిగా అంతే తీసివేయబడిన పీడనము లభించును. ముక్కు పైకెత్తినప్పుడు ఎత్తువలన పీడనము తగ్గును. వేగము తగ్గినందున తీసివేతయు తగ్గి, ఆ పీడనమంత తిరిగి వచ్చును. రెండును పరస్పరము రద్దగును. చక్రములు లేవు, విద్యుత్తు లేదు, ఆకారమే గణితము.

కావుననే వంగిన గొట్టమును చేతితో తిన్నగా చేయుట, లెక్కల పుస్తకమున అంకెను దిద్దుటవంటిది. ఏటవాలు కొంచెము మారినను, రంధ్రపు అంచున రజను నిలిచినను, తీసివేత తప్పును. వీలైనచో కొత్తది కొనుటయే మేలు. లోపలి గొట్టములును పరీక్షింపవలెను: తోకయందలి ఓ-రింగు ఎండి పగిలినను, రబ్బరుగొట్టము సడలినను, గొట్టమెంత మంచిదైనను ముల్లు నిజము చెప్పదు. పరికరములను విడదీయకుండ నోటితో ఊది చూచుట మాత్రము ఎన్నడును తగదు. ఆ చిన్న ఊపిరికే సున్నితమైన ముల్లు పాడుకాగలదు.

బిగించినపిమ్మట, గాలి కదలని వేకువను, సూర్యుడు నేలను వేడిచేయకమునుపు, పైలటు ఎగిరి, వేగము పెంచి, మెల్లగా ముక్కెత్తి ముల్లును చూచును. అది ఎగిరి 'పైకి' చూపినచో తీసివేత తక్కువ, ఒక్కసారిగా 'క్రిందికి' పడినచో ఎక్కువ. గ్లైడరు సహజముగా దిగు వేగము దాపుననే నిలిచినచో అతడు మరల రెండుమూడుమారులు పరీక్షించి దిగును. దిగినవెంటనే, హ్యాంగరు తలుపు తెరువకమునుపే, గొట్టమును ఊడదీసి, గుడ్డలో చుట్టి, సీటు వెనుకనున్న సంచిలో భద్రపరచును.