మన్రో దొర సెలవు



గత సంక్రాంతికి మా పెద్దవాడు పట్టణమునుండి నాలుగు దినములు సెలవుపై వచ్చెను. భోగినాడు తలంటు ముగియకముందే చేతిఫోను మ్రోగినది. నూనెచేతితోనే దానిని చెవికానించుకొని పెరటిలో గంటసేపు తిరిగెను. వాని తల్లి కంట నీరు పెట్టుకొన్నది. ఉద్యోగికి సెలవు దొరకునుగాని, ఉద్యోగము వానిని విడుచునా యని నాకు సంశయము కలిగినది. అప్పుడు జ్ఞప్తికి వచ్చినవాడు మన్రో దొర.

థామస్ మన్రో 1780లో చెన్నపట్టణమున దిగిన సైనికుడు. 1800లో నిజాము కంపెనీవారికిచ్చిన బళ్లారి, కడప మొదలగు సీమలకు ముఖ్య కలెక్టరయ్యెను. పాళెగాండ్ర కలహములతో నలిగిన ఆ సీమలో ఆయన డేరాలు వేసికొని యూరూరు తిరిగి, పొలములు కొలిపించి, ఒక్కొక్క రైతు పేర శిస్తు కట్టించెను. ఆ శిస్తు తేలికది కాదు. ఆ మాట దాచరాదు. 1807లో స్వదేశమునకు సెలవుపై పోవుచు, దానిలో నాలుగవ వంతు తగ్గింపవలెనని పైవారికి తానే వ్రాసెను. అది అప్పుడు చెల్లలేదు.

నాడు తంతి లేదు, ఫోను లేదు. ఓడమీద సీమకు చేరుటకే నెలలు పట్టెడిది. ఇక పని వెంటబడుటకు దారి యేది యనుకొందుము. కాని 1813లో కంపెనీ పట్టాను పొడిగించు వేళ, కామన్సు సభవారు ఆయనను పిలిపించి సాక్ష్యమడిగిరి. మన సేద్యపు నేర్పును, ఊరూర నున్న బడులను ఆయన అచ్చట మెచ్చుకొనెను. బడిపంతులనైన నాకు ఆ సాక్ష్యమన్న మిక్కిలి యిష్టము. 1814 మార్చిలో పెండ్లియాడి, ఆ యేడే న్యాయవిచారణ పద్ధతులను దిద్దు కమిషనుకు పెద్దయై మరల చెన్నపట్టణము చేరెను. 1820లో గవర్నరైన పిమ్మట గాని ఆ నాలుగవ వంతు తగ్గింపు అమలునకు రాలేదు.

తుదకు పదవి విడువ నెంచెను. 1824లో బర్మా యుద్ధము వచ్చి నిలిపినది. భార్య బిడ్డతో ముందుగా వెడలిపోయెను. 1827లో తన స్థానమునకు రావలసినవాని కొరకు ఎదురుచూచుచు, ఊరకుండలేక, దత్తమండలములను కడసారి చూచి వత్తునని బయలుదేరెను. దారిలో పరివారమున కలరా సోకినది. జూలై 6వ తేదీన పత్తికొండలో ఆయన కన్నుమూసెను. గుత్తిలో పూడ్చిరి. గండి క్షేత్రమున ఆయనకు బంగారు తోరణము కనబడెననియు, అది చూచినవారు బ్రదుకరనియు కడపవారు చెప్పుకొందురు. నేను ఆ మాట నమ్మనుగాని, బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిన ఆ జనుల మనస్సును నమ్ముదును.

ఈ కథ మావానికి చెప్పితిని. వాడు నవ్వి, "నాన్నగారూ, ఆయన సీమకు చేరిన అయిదేండ్లకు గాని కామన్సు సభ పిలువలేదు. నన్ను పిలుచుటకు క్షణము చాలును" అనెను. నాకు బదులు తోచలేదు.

కనుమనాడు వాడు ఫోనును తల్లి చేతికిచ్చి, ఎడ్లను కడుగుటకు చెరువునకు తోలుకొని పోయెను. అది రెండుమారులు మ్రోగినది. ఆమె దానిని బియ్యపు డబ్బాలో పెట్టి మూత వేసెను.