ఎల్లమాస ముందటి ఇల్లు

డిసెంబరు సగం దాటిందంటే జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఎర్రమన్నుకు పని పడుతుంది. గంపలకెత్తి తెచ్చిన మన్ను వాకిట్లో పోసి, బెడ్డలు చితక్కొట్టి, జల్లించి నానబెడతారు. అందులో కొంత గోడలకు పోతుంది, కొంత అరుగులకు. పేడ కలిపిన ముద్ద మాత్రం పక్కన పెడతారు. అది గుల్లలకు.

గుల్ల అంటే వెదురుతో అల్లిన బుట్ట. అల్లిక సందుల్లోంచి పురుగు దూరకుండా లోపలా బయటా పేడమన్ను మెత్తి నీడపట్టున ఆరనిస్తారు. ఎక్కడైనా పగులు కనిపిస్తే మళ్ళీ పూత. అడుగున బూడిద, దాని మీద ఎండిన వేపాకు, ఆపైన ఇత్తులు, మళ్ళీ బూడిద, మళ్ళీ వేపాకు. మూత పెట్టి అంచు చుట్టూ అదే ముద్దతో మూసేస్తారు. కందులకైతే ఇంకో పని ఉంది. ఎర్రమన్ను పట్టించి ఎండబెడితేగాని వాటికి పుచ్చు ఆగదు. జొన్నకు అసలు పని చేలోనే మొదలవుతుంది. కోతకు ముందే సాళ్ళ వెంట తిరిగి, గింజ కట్టుగా ఉన్న కంకుల్ని ఏరి వేరుగా పెడతారు. ఏరేది ఆడవాళ్ళే. ఏం పని చేస్తున్నావమ్మా అని అడిగితే, ఇంటిపనే అంటారు.

ఆ ఇంటిపనంతా ఒక తిథికి ముందే తెమలాలి. మార్గశిర బహుళ అమావాస్య. కాగితం మీద ఎల్లమావాస్య, నోట్లో ఎల్లమాస. కన్నడంలో ఎళ్ళు అంటే నువ్వులు, పేరు అక్కడిది. ఇంగ్లీషు క్యాలెండరులో దీనికి నిలకడ లేదు. 2022లో డిసెంబరు 23న వచ్చింది. తరువాతిది 2024 జనవరి 11కు జరిగింది. మళ్ళీ అదే ఏడు డిసెంబరు 30న. పట్నంలో జనం క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు లెక్కపెట్టుకునే రోజుల్లోనే ఇక్కడ ఇంటిల్లిపాదీ చేనుకు తరలే రోజు కోసం చూస్తుంటారు.

గుంటూరులోనో వరంగల్‌లోనో అడిగితే ఈ పండుగ పేరు విన్నవాళ్ళు అరుదు. బీదర్, కలబురగి, లాతూరు, ధారాశివ్‌లలో మాత్రం పెద్ద పండుగ. మరాఠీలో వేళ అమావాస్య అంటారు. ఎందుకిలా అన్నది తెలియాలంటే పాత పటం విప్పాలి. నిజాం కాలంలో జహీరాబాద్ మెదక్ జిల్లాలో లేదు. అది బీదర్ జిల్లాలో తాలూకా. పక్కనున్న నారాయణఖేడ్ కూడా అంతే. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదర్ మైసూరులో చేరింది. నారాయణఖేడ్ తాలూకా, నిర్నా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్‌లో కలిశాయి. 2016 నుంచి ఆ ప్రాంతం సంగారెడ్డి జిల్లాలో ఉంది. తాలూకాలను సర్కిళ్ళ దాకా చీల్చి పంచుకున్నారు గానీ, అమావాస్య నాటి బజ్జికూరను ఎవరూ పంచలేకపోయారు. సరిహద్దుకు అటూ ఇటూ అదే కూర.

ఆ కూర సంగతి చెప్పాలి. పచ్చి కందిగింజలు, అనపగింజలు, పచ్చి శనగలు, మెంతికూర, ఉల్లి పొరకలు, ఆ వేళకు ఏవి చేలో దొరికితే అవి. వాటిని ఉడికించి, చింతపులుసు పోసి, శనగపిండి కలిపి చిక్కగా దించుతారు. ఒక్క గింజ తక్కువైనా కూర కూరే. కానీ ఎన్ని రకాలు పడితే అంత గొప్ప, ఎందుకంటే ఆ ఏడు చేలో ఎన్ని రకాలు వేశారో గిన్నె చెప్పేస్తుంది. దానికి తోడు నువ్వులు అద్దిన సజ్జరొట్టె, అంబలి, గడ్డపెరుగు. రొట్టెల పని ముందు నుంచే నడుస్తుంది. జొన్నపిండి పలచగా కొట్టి, పెనం మీద కాల్చి, అప్పడంలా విరిగేదాకా ఆరబెట్టిన కడక్ రొట్టెలు దొంతరలుగా పేరుస్తారు. ఇసుర్రాయి మూలకు చేరి గిర్ని వచ్చి చాలా ఏళ్ళైంది. రొట్టె కొట్టే చప్పుడు మాత్రం ఇంకా పొద్దున్నే వినిపిస్తుంది.

అమావాస్య నాడు చేలో జొన్నసొప్పతో చిన్న గుడిసె కడతారు. లోపల ఐదు రాళ్ళకు సున్నం పూసి పాండవులని పెడతారు. వండిందంతా కొద్దికొద్దిగా కలిపి చేను చుట్టూ చల్లుతారు. పొట్ట మీదున్న చేను చూలాలితో సమానం, అది ఆమెకు పెట్టే సారె. ఆ తర్వాతే మనుషుల తిండి. ఆ చేనిలోని యాసంగి పైర్లకు వాన ఉండదు, బావి నీళ్ళూ ఉండవు. మంచుకే పెరిగి పండే జొన్న, శనగ, కుసుమ, అవిసెలను ఇక్కడి వాళ్ళు సత్యం పంటలు అంటారు. పంటకు పెట్టిన పేర్లలో ఇంత గౌరవమైనది నేనింకొకటి వినలేదు.

ఈ ఇంటిపనికి గట్టి దెబ్బ తగిలిన ఏడు 1983. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. కరువు నేలలో అది ఎందరి ఆకలి తీర్చిందో తక్కువ చేసి చెప్పకూడదు. కానీ దుకాణంలో బియ్యం రెండు రూపాయలకు దొరికేటప్పుడు, ఎర్రచెల్క నేలలో జొన్న వేసి, కోసి, దంచి, రొట్టె కొట్టే ఓపిక ఎవరికి? చేలు బీడుపడ్డాయి. నీళ్ళున్న చోట చెరుకు, అల్లం, ఆలుగడ్డ వచ్చాయి. చేలో జొన్న లేకపోతే గుల్లలో ఇత్తులుండవు, ఇత్తుల్లేని గుల్లకు పేడమన్ను ఎవరు మెత్తుతారు?

సరిగ్గా ఆ ఏడే, జహీరాబాద్ పక్క పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి, చేరినవాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరా రెండెకరాల చెల్కనేల వాళ్ళు. బీళ్ళు దున్నించారు. 1990ల నడుమ ఆ బీళ్ళలో పండిన జొన్ననే ఊళ్ళో కొని, ఊళ్ళోనే నిలవచేసి, ఊళ్ళో పేదలకే చవగ్గా అమ్మే సొంత రేషన్ నడిపారు. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చి, ముతక ధాన్యం కిలో రూపాయికి అని రాసుకునేసరికి వీళ్ళకది పాత సంగతి.

ఇత్తుల విషయంలో వాళ్ళ లెక్క పెద్ద చదువులేమీ అక్కర్లేనిది. సంఘం నుంచి ఇత్తులు తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక తీసుకున్నదానికి మించి కొలిచి తిరిగివ్వాలి. కొందరు ఒకే చేనులో పదిహేను, ఇరవై రకాలు కలిపి వేస్తారు. అందులో ఏ గింజ ఎవరి గుల్లలో ఉందో ఊరికి తెలుసు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలయ్యాక ఆ మాట ఊరు దాటి వినబడింది. ఆ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నారు. ఆ ఏడు మార్చిలోనే సతీశ్ కన్నుమూశారు. ఇప్పుడు హైదరాబాద్ సూపర్‌మార్కెట్లో అరకిలో కొర్రల ధర చూసినప్పుడల్లా, రెండు రూపాయల బియ్యానికి ఓడిపోయిన తిండి ఇదేనా అని నవ్వొస్తుంది. ఏడుపూ వస్తుందనుకోండి.

ఎల్లమాస అయ్యాక సంక్రాంతికి కొన్నిసార్లు మూడు నాలుగు వారాలుంటుంది, కొన్నిసార్లు మూడే రోజులు. ఈలోగా ఎడ్లబండ్లు ముస్తాబు కావాలి. జనవరి 14న ఆ సంఘాల పాత పంటల జాతర కదులుతుంది. ఇత్తుల గుల్లలు, కుండలు ఎక్కించుకున్న బండ్లు ఊరు తరువాత ఊరుగా దాదాపు నెల రోజులు తిరుగుతాయి. ఇరుకు రోడ్డు మీద ఎదురుగా చెరుకు ట్రాక్టరు వస్తే బండి పక్కకు జరిగి ఆగుతుంది. ఊళ్ళోకి బండి రాగానే ఆడవాళ్ళు ముందు చేసే పని, గుల్లలో చెయ్యిపెట్టి గింజను వేళ్ళ మధ్య నలిపి చూడడం. తమ ఇంట్లో లేని రకమైతే కొంగు పడతారు. బండి తిరిగొచ్చేసరికి మూతలన్నీ ఊడి ఉంటాయి. అందుకే వాకిట్లో నానబెట్టిన ఎర్రమన్నంతా అరుగులకే అయిపోనివ్వరు. ఓ గంపెడు పొడిది గోడ పక్కన మిగిల్చి పెడతారు.