రేడియోసాండ్ కేంద్రం ఎత్తు: అంచనా పద్ధతి

వాతావరణ బెలూన్‌ను ఎగరవేసే కేంద్రం సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉందో, ఆ బెలూన్ మోసుకెళ్లే రేడియోసాండ్ పరికరం పంపిన పీడన, ఉష్ణోగ్రత, తేమ కొలతల నుంచి లెక్కగట్టే పద్ధతి ఇది. పాత రికార్డుల్లో కేంద్రం ఎత్తు నమోదు కాకపోయినా, తప్పుగా నమోదైనా దీన్ని వాడతారు.

సూత్రం: రెండు పీడన స్థాయుల మధ్య గాలి పొర మందం, ఆ పొర సగటు ఉష్ణోగ్రతపై ఆధారపడుతుంది. వేడెక్కిన పొర మందంగా, చల్లబడిన పొర పలుచగా ఉంటుంది. తేమ గాలి పొడి గాలి కన్నా తేలిక కాబట్టి, ఆ మేరకు సవరించిన 'వర్చువల్ ఉష్ణోగ్రత'ను కెల్విన్లలో తీసుకుంటారు. దాన్ని 29.27తోనూ, కింది, పై పీడనాల నిష్పత్తి సహజ సంవర్గమానంతోనూ గుణిస్తే మందం మీటర్లలో వస్తుంది. కింది పీడనంగా కేంద్రం నేల వద్ద పీడనాన్ని తీసుకుని, నివేదికలో ఇచ్చిన పై స్థాయి ఎత్తులోంచి ఈ మందాన్ని తీసివేస్తే మిగిలేదే కేంద్రం ఎత్తు.

ఉదాహరణ: నేల వద్ద పీడనం 950 హెక్టోపాస్కల్స్, 850 హెక్టోపాస్కల్స్ స్థాయి ఎత్తు 1,500 మీటర్లు, సగటు వర్చువల్ ఉష్ణోగ్రత 295 కెల్విన్లు అనుకుందాం. పొర మందం సుమారు 960 మీటర్లు; కేంద్రం ఎత్తు దాదాపు 540 మీటర్లు. దక్కన్ పీఠభూమిపై ఉన్న హైదరాబాద్ ఎత్తు ఇంచుమించు ఇంతే. తీరంలోని విశాఖపట్నం, మచిలీపట్నం కేంద్రాలకు ఈ లెక్క సముద్రమట్టానికి దగ్గరి విలువలనే ఇవ్వాలి.

పరిమితులు: పై ఉదాహరణలో నేల పీడనం 1 హెక్టోపాస్కల్ తప్పితే ఫలితం 9 మీటర్లు, సగటు ఉష్ణోగ్రత 1 డిగ్రీ తప్పితే 3 మీటర్లకు పైగా మారుతుంది. పీడనాన్ని కొలిచే రేడియోసాండ్ల నివేదికల్లో పై స్థాయుల ఎత్తులను సాధారణంగా కేంద్రం ఎత్తు నుంచే మొదలుపెట్టి లెక్కిస్తారు. అందువల్ల ఈ పద్ధతిలో తేలేది అప్పట్లో కేంద్రం వాడిన విలువే. అది వాస్తవమో కాదో తేల్చడానికి జీపీఎస్ కొలతో, భూసర్వేయో కావాలి.