ముత్తాత నాయిన పేరు పహాణీలో దొరికింది

మాది మెట్‌పల్లి. మా ముత్తాత వాళ్ల నాయిన పేరు ఇంట్లో ఎవ్వరికీ యాదికి లేదు. ఫోన్‌లో భూమి రికార్డులు వెతికితే ఇప్పటి పట్టాదార్ల పేర్లే వచ్చినయి. పాతది కావాలంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడాలె. నకలు తెచ్చుకున్న. మొత్తం ఉర్దూ చేతిరాత! అచ్చు ఉర్దూ అయితే గూగుల్ లెన్స్ చదువుతది గానీ, ఈ గొలుసుకట్టు రాత దగ్గర చేతులెత్తేసింది. నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్న ఒక పెద్దమనిషి మాత్రం రెండు నిమిషాల్లో చదివిండు: ముత్తాత పేరు, పక్కన 'వల్ద్', దాని తర్వాత ఇంకో పేరు. వల్ద్ అంటే ఫలానాయన కొడుకు అని. ఒక తరం దొరికింది!

మీరూ వెతికితే, కాగితం మీద 1364 అని కనిపిస్తే బేజారు కాకండి. అది ఫసలీ సంవత్సరం, 590 కలపండి. 1905కు ముందు కాగితాలైతే కరీంనగర్ జిల్లా అని కాదు, ఎల్గందల్ అని వెతకాలె. జగిత్యాల జిల్లా అయితే 2016లోనే వచ్చింది.

మరి ముత్తాత వాళ్ల అమ్మ? ఆమె పేరు రాసే కాలమే లేదు. బాపమ్మను అడిగిన. "మా అత్తకు అత్త గదా, లచ్చవ్వ" అన్నది. రికార్డర్ ఆన్ చేసి మళ్లీ చెప్పించిన.