కుంటి హెర్మన్ కృతజ్ఞత

జర్మనీదేశపు దక్షిణసీమయందు కాన్‌స్టన్సు సరస్సులో రైఖెనౌ అను చిన్న ద్వీపము కలదు. పదునొకండవ శతాబ్దమున నచ్చటి బెనెడిక్టు మఠమున హెర్మన్ అను పండితుడు నివసించెను. ఇతడు క్రీ. శ. 1013 జూలై 18వ తేదీని జనించి 1054 సెప్టెంబరు 24వ తేదీని మృతినొందెను. లాటినుభాషలో నీతనికి ‘కంట్రాక్టుస్’ అను పేరు రూఢమైయున్నది. అవయవములు ముడుచుకొనిపోయినవాడని దాని యర్థము.

ఇతని చరిత్రమునకు ముఖ్యాధారము శిష్యుడగు బెర్తోల్డు వ్రాసిన సంగ్రహజీవితము. దానినిబట్టి చూడగా, హెర్మనునకు బాల్యమునుండియు దేహము స్వాధీనమున లేదు. ఒరుల సాయము లేనిదే చోటు కదలుటకుగాని, పరుండినపుడు ప్రక్కకు ఒత్తిగిలుటకుగాని శక్తి లేకుండెను. మోసికొనిపోవు పీఠముపై వంగి కూర్చుండెడివాడు. వ్రేళ్లు బలహీనములు, మాట యస్పష్టము. ఈ వ్యాధి యెట్టిదో నిర్ణయింప నేటివైద్యులు కొందరు యత్నించిరి. వేయేండ్లు గడవవచ్చిన పిమ్మట జేయు రోగనిర్ణయము ఊహయేగాని వేఱుగాదు.

ఇట్టివాడు క్రీస్తుజననము మొదలు తన కాలమువఱకు లోకవృత్తాంతమును సంవత్సరక్రమమున రచించెను. సంగీతమునుగూర్చియు, నక్షత్రముల యెత్తు కొలుచు ఆస్ట్రోలేబు యంత్రమునుగూర్చియు గ్రంథములు వ్రాసెను. గడియారములను, వాద్యములను నిర్మించుటలో నతనికి సాటి లేడని బెర్తోల్డు చెప్పుచున్నాడు. వ్రేళ్లాడనివాడు యంత్రము లెట్లు చేసెనను శంక చదువరులకు దోచవచ్చును. దగ్గఱ గూర్చుండి యొరులచే జేయించెనేమో!

ఇతడు చిరునవ్వుతో నుండువాడనియు, ఎన్నడును మొఱపెట్టి యెఱుగడనియు శిష్యుని వాక్యము. గురుభక్తిచే బల్కిన మాటయని దీనిని గొంత తగ్గించి చదువుట న్యాయమే. కాని హెర్మన్ ప్రతిదినమును ఏ నియమమునకు లోబడి బ్రదికెనో దానిని జూచిన నీ మాటకు నిజమైన బరువు తెలియును. ఆఱవ శతాబ్దమునాటి బెనెడిక్టు నియమావళి 34వ యధ్యాయమున, కొఱత తక్కువగలవాడు దేవునికి గృతజ్ఞతాస్తుతులు చెల్లింపవలెననియు, కొఱత యెక్కువగలవాడు తన బలహీనతనుబట్టి వినయము వహింపవలెననియు విధింపబడినది. 36వ యధ్యాయము రోగులను సాక్షాత్తు క్రీస్తునువలె సేవింపుమని పరిచారకుల కాజ్ఞాపించి, రోగులును మితిమీఱిన కోరికలతో సేవకులను బాధింపరాదని హెచ్చరించుచున్నది. చూడుడు: స్తుతి చెల్లించుట కొఱత తక్కువవాని పాలికి వచ్చినది! హెర్మన్ కొఱత యెక్కువవారిలో నెల్ల నెక్కువవాడు. తన్ను ఒత్తిగిలజేయు చేతులను నొప్పింపకుండుటయే యతనికి దినదినము చేయదగిన కృతజ్ఞతయై యుండెను. ఆ చేతుల వారి పేళ్లు మాత్రము మన కందలేదు.

మఱియొక సాక్ష్యము అతని చరిత్రగ్రంథముననే కలదు. 1013వ సంవత్సరముక్రింద తాను పుట్టితినని వ్రాసికొనెను. 1020వ సంవత్సరముక్రింద చదువున బెట్టబడితినని వ్రాసికొనెను. ఆ రెండుచోట్లను అంగవైకల్యముమాట లేదు. ఇతడు పిఱికితనముచే నోరు మూసికొనినవాడా యనిన, కాదు. 1053లో పెద్దలును పిన్నలును చక్రవర్తియగు మూడవ హెన్రీనిగూర్చి గొణుగుచుండిరని జంకులేక వ్రాసినాడు. రాజుమీది మొఱ చరిత్ర కెక్కినది; తన దేహముమీది మొఱ యెక్కలేదు.

కాని 1052లో, పోపులకును రాజులకును నడుమ, తన తల్లి హిల్ట్రూడు జనవరి 9వ తేదీని మరణించినదని వ్రాసి, ఆమె దానశీలమును బొగడుచు పద్యములు చేర్చెను. ఆమె పదునేనుగురు బిడ్డల తల్లి. లోకచరిత్రమున నామెకు జోటేమియని యడుగువా డడుగుగాక! నాకు మాత్ర మా పద్యములే యా గ్రంథమున కెల్ల హృదయమని తోచును.

తరువాతి కాలమువారు కన్య మరియ ప్రత్యక్షమై ఆరోగ్యమో, జ్ఞానమో కోరుకొమ్మనగా హెర్మన్ జ్ఞానమును గోరెనని కథ యల్లిరి. బెర్తోల్డు దీని నెఱుగడు. ‘సాల్వే రెజీనా’ యను ప్రసిద్ధ స్తోత్రమును సైత మీతనిదే యందురుగాని, శిష్యు డిచ్చిన గీతముల పట్టికలో నది లేదు. ఆ వరకథ నాకు రుచింపదు. దుఃఖమునకు వెల గట్టి, చెల్లుబాటు చూపినట్లున్నది.

అతని యంత్యకాలమును దలచిన నీ కథ మఱింత పొసగదు. ప్రక్కపోటుతో పదిదినములు బాధపడుచు హెర్మన్, ఈ జీవితము తనకు విసువైనదని స్పష్టముగా జెప్పెను. బాధ బాధ కాదని యతడు నటింపలేదు. రాత్రి నిద్రవంటి యవస్థలో కికెరో రచించిన ‘హోర్టెన్సియుస్’ గ్రంథమును మాటిమాటికి జదువుచున్నట్లు తోచెనని శిష్యునితో జెప్పెను. ఆ గ్రంథ మిప్పుడు లుప్తమైనది. బెర్తోల్డు దుఃఖము పట్టజాలక యేడువగా, తనకొఱ కేడువవలదని వారించి, మైనపు పలకలమీద మిగిలియున్న వ్రాతను దిద్ది తోలుకాగితములమీది కెక్కింపుమని కోరెను.

శరీరమును వంశమువారి ఆల్ట్స్‌హౌజెనులో సమాధిచేసిరి. సంవత్సరక్రమచరిత్రమును 1054 మొదలు బెర్తోల్డు కొనసాగించెను.