ఎండకో గంధం, వానకో గంధం

కొన్నేళ్ళ కిందటి మాట. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో పెనుకొండ బస్సెక్కాను. మిత్రుడొకరు కానుకగా ఇచ్చిన కస్తూరి అత్తరును మెడకూ మణికట్లకూ ధారాళంగా పట్టించి ఉన్నాను. రాప్తాడు దాటేసరికి నా పరిమళం నాకే తలనొప్పి తెచ్చిపెట్టింది. పక్క సీటు పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని, "ఏమప్పా, ఈ ఎండలో ఇంత ఘాటు పూసుకొంటివే! చలికాలానికి దాచిపెట్టుకోగూడదా?" అన్నాడు.

ఆయన చెప్పింది వాగ్భటుడి మాటేనని తర్వాతెప్పుడో అష్టాంగహృదయం తిరగేస్తుంటే తెలిసింది. అందులో ఋతుచర్య అని ఒక అధ్యాయం ఉంది. హేమంతానికి కుంకుమపువ్వు, కస్తూరి పూత, అగరు ధూపం. గ్రీష్మానికి చందనం. శరత్తులోని ఎండకు చందనం, వట్టివేరు, కర్పూరం. వేడిచేసే వాసనలు చలికీ, చలువచేసేవి ఎండకూ అన్నమాట. ఒంటి తత్వమూ చూసుకోవాలి. పైత్యపు శరీరానికి చందనం హితం. నా బోటివాడికి కస్తూరి ఏ కాలంలోనైనా కాస్త దూరంగా ఉండటమే మేలేమో!

ఇది చదివాక మనుచరిత్ర మరోలా కనిపించింది. దారితప్పిన ప్రవరుడు కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు పరిమళాన్ని బట్టే అక్కడొక మనిషి ఉన్న జాడ పసిగడతాడు కదా. ఆ పద్యం బట్టీపట్టిన రోజుల్లో శృంగారమే తోచింది గానీ, అది హిమాలయమనీ, ఆ మంచుకు కస్తూరి సరిగ్గా తగిన వాసన అనీ తట్టలేదు. పెద్దన ఆ లెక్క వేసుకొనే రాశాడని నేననను.

ఆ కవిని పోషించిన రాజ్యంలో సుగంధానికి లోటు లేదు. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, అక్కడివారికి గులాబీలు అన్నంతో సమానమని రాసుకొన్నాడు. అంతకుముందే కొండవీడులో కుమారగిరి రెడ్డి (1386-1402) వసంతోత్సవాలు జరిపి 'కర్పూర వసంతరాయలు' అనిపించుకొన్నాడు. ఆయనకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. కస్తూరి మంచుకొండల నుంచి దిగాలి, కర్పూరం సముద్రాలు దాటాలి. ఋతువుకో పరిమళం మార్చడమంటే వెనుక ఓడలూ, బిడారులూ నడవాలి.

నేనాడు వెళ్ళిన పెనుకొండ విజయనగర ప్రభువులకు రెండో రాజధాని. 1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజ్యాన్ని ఇక్కడికే తరలించాడు. 2022లో ఈ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఎండ మాత్రం మారలేదు. కోట గోడ నీడన నిలబడి, ఈ రాళ్ళ వేడిలో ఏ దొర ఏం పూసుకొని ఉంటాడా అని ఆలోచించాను. చందనమే అయ్యుంటుంది. అది ఓడ ఎక్కనక్కరలేని ద్రవ్యం, పక్కనున్న మైసూరు సీమ చెట్టు. తర్వాతి కాలంలో దాన్ని రాజవృక్షమని ప్రకటించి టిప్పు సుల్తాను తన గుత్తాధిపత్యంలో పెట్టుకొన్నాడు.

కోట బయట సంగతి వేరు. మా అవ్వకు తెలిసిన వేసవి పరిమళమల్లా కడవలో వేసిన వట్టివేళ్ళ కట్ట. పండగకో పెళ్ళికో సానరాయి మీద గంధపు చెక్క నాలుగు తిప్పులు. దానికీ ఇన్ని నీళ్ళు కావాలి. పడమటి కనుమలు మేఘాలను అడ్డగించగా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి పడే నేల మాది.

అందుకే మాకు వర్షర్తువు గంధం ఒక్కటే, తొలకరి తడి మట్టి వాసన. 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్, దీనికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఎండిన రాళ్ళలో, మట్టిలో పేరుకొన్న నూనెలు చినుకు తాకిడికి పైకి రావడమూ, నేలలోని సూక్ష్మజీవులు చేసే జియోస్మిన్ అనే పదార్థమూ దీనికి కారణం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి డేగిసాల్లో ఉడికించి, ఆ ఆవిరిని చందన తైలంలోకి పట్టి మిట్టీ అత్తరు తీస్తారు.

కస్తూరి పాఠం నేర్చాక నేను కొన్నది ఆ అత్తరే. ఓ జూలై సాయంత్రం, శనగవిత్తనాలు సంచుల్లోనే ఉన్న ఏట, నాయన అరచేతి వెనక ఒక చుక్క రాశాను. ఆయన వాసన చూసి, చప్పున వాకిట్లోకి వెళ్ళి పడమటి దిక్కు చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు. లోపలికొచ్చి చెయ్యి కడుక్కొని, "వాన పడినాక రాయి నాయనా" అన్నాడు.

సీసా ఇంకా సగం నిండుగా అల్మారాలో ఉంది.